మిఠాయి దుకాణం పక్క షట్టరు

సిద్దిపేటలో మనిషి సన్నబడితే మూడే కారణాలు. ఒకటి షుగరు, రెండు అప్పులు, మూడు ఇంట్లో ఆడది సరిగ్గా వండిపెట్టకపోవడం. నాలుగో కారణం కూడా ఉంటుందనీ, మనిషి తనంతట తాను కావాలనే సన్నబడగలడనీ ఈ ఊరిని నమ్మించడానికి నేనొక దుకాణం తెరిచాను. నా తెలివి అలాంటిది.

నా పేరు కృతిక. హైదరాబాదులో పోషకాహార శాస్త్రం చదువుకున్నాను. చదువు పూర్తికాగానే పెళ్లి చేసి, ఆ చదువు వృథా పోకూడదని సిద్దిపేటకు తెచ్చి మిఠాయి దుకాణం కౌంటర్లో కూర్చోబెట్టారు. దుకాణం మా మామగారిది, విశ్వేశ్వర్ మిఠాయి భండార్. చక్కెర గురించీ కొవ్వు గురించీ నేను పుస్తకాల్లో చదివినదంతా అక్కడ అద్దాల బీరువాలో వరసగా పేర్చి ఉండేది. ఏళ్ల తరబడి జిలేబీలు తూచాను, డబ్బాలకు రబ్బరు బ్యాండ్లు వేశాను. పట్టా పుచ్చుకున్న చెయ్యి కాబట్టి తూకంలో ఎన్నడూ తేడా రాలేదు.

మామగారంటే ఊళ్లో మర్యాద. ఆయన బూందీ లడ్డూ లేనిదే చుట్టుపక్కల పెళ్లి జరగదు. పొద్దున వచ్చి గల్లా దగ్గర కూర్చుంటే రాత్రికే లేవడం. మధ్యాహ్నం గిరాకీ పలచబడ్డ వేళ, నెత్తి మీద ఫ్యాను తిరుగుతుండగానే చెమటలు కక్కుతూ, గబగబా రెండు లడ్డూలు నోట్లో కుక్కుకునేవారు. నేను చూస్తే "రుచి చూస్తున్న" అనేవారు. సొంత సరుకు మీద అంత నమ్మకం ఉన్న వ్యాపారిని నేనింకెక్కడా చూడలేదు. జీడిపప్పు కొనడానికి మాత్రం కరీంనగర్ పోయేవారు. సిద్దిపేటలో జీడిపప్పు దొరకదు కాబోలు అనుకునేదాన్ని.

దుకాణం పక్క షట్టరు కూడా మాదే. అందులో కిరాయికున్న టైలరు ఖాళీ చేసి పోగానే మామగారి కళ్లు దాని మీద పడ్డాయి. పండుగల గిరాకీకి ఇంకో రెండు పొయ్యిలు పెట్టించాలని ఆయన ఆలోచన. నా కళ్లు కూడా దాని మీదే పడ్డాయి. ఒక రాత్రి అన్నాల దగ్గర ధైర్యం చేసి మామగారిని అడిగాను.

"ఏం అమ్ముతవు గా షట్టర్ల?" అన్నారు.

"ఏం అమ్మను మామయ్యా. ఎవలు ఏం తినాలె, ఎంత తినాలె, ఎట్ల మంచిగుండాలె, గది చెప్త. దానికి ఫీజు తీస్కుంట."

ఆయన ముద్ద పళ్లెంలోనే పెట్టి నా వైపు చూశారు. "మాటలా? మాటలు అమ్ముతవా బిడ్డా? మాటలు ఉత్తగ దొరుకుతయనే గదా మంది మన దుకాణం ముందల గంటలు గంటలు నిలవడేది!"

అత్తమ్మ భారతమ్మ మధ్యలో పడింది. "ఇయ్యరాదు జర. సదువుకున్న పిల్ల, గిన్నేండ్ల సంది జిలేబి జోకుతుంది. దసరా దాకనన్న ఇయ్యి."

చివరికి ఒప్పందం కుదిరింది. దసరా నాటికి బయటి మనుషులు తమంతట తాము వచ్చి, నా మాటలకు పైసలిస్తే షట్టరు నాది. లేకపోతే పండుగ మర్నాడు పొయ్యిలు దిగుతాయి. "చుట్టాలు లెక్కకు రారు," అని మామగారు చెయ్యి కడుక్కుంటూ షరతు పెట్టారు. మా చుట్టాల సంగతి ఆయనకు తెలుసు. ఉత్తగా వస్తుందంటే ఇసుక కూడా తిని పోతారు.

నేను ఆ రాత్రి సరిగ్గా నిద్రపోలేదు. నవ్వినా సరే చెబుతున్నాను, ఒక షట్టరు మీద నా పేరు చూసుకోవాలని నాకు పెళ్లికి ముందు నుంచీ ఆశ. పెళ్లి పత్రిక తర్వాత నా పేరు అచ్చులో ఎక్కడా పడలేదు.

బయటి మనిషిని రప్పించాలంటే ముందు ఫలితం చూపించాలి. నా చేతిలో ఉన్న ఫలితం ఒక్కటే, మా ఆయన రమాకాంత్. అంతకుముందు ఉగాది నుంచే ఆయన్ను దారిలో పెట్టాను. పెళ్లినాటి చొక్కాలు అప్పటికే పిండి జల్లించే గుడ్డలైపోయాయి. చుట్టూ మిఠాయి పళ్లాలున్నా ముట్టనివ్వకుండా, వేళకు జొన్నరొట్టె, పప్పు, ఆకుకూర పెట్టి, పొద్దున్నే కోమటి చెరువు కట్ట మీద నడిపించాను. ఆ కట్ట మీద నడిచేవాళ్లు చాలామందే. నడక అయ్యాక మిర్చి బజ్జీల బండి దగ్గర ఆగకుండా ఇంటికి పోయేవాడు మాత్రం మా ఆయన ఒక్కడే. మెల్లగా పొట్ట దిగింది, గురక ఆగింది, మెట్లెక్కితే ఆయాసం రావడం లేదు. నాకు గర్వంగా ఉండేది.

ఊరికి అది దుఃఖంగా ఉండేది. "ఏమైంది రమాకాంతూ, గిట్లయినవేంది? దవాఖానల చూపిచ్చుకున్నవా?" అని దారిన పోయే ప్రతివాడూ బండి ఆపి అడిగేవాడు. ఆడవాళ్లు ఆయన్ను అడిగేవాళ్లు కాదు, నన్ను చూసేవాళ్లు. ఆ చూపులోనే కూర, పప్పు, ఉప్పు, కారం అన్నీ ఉండేవి. అత్తమ్మ కొడుకు ఆరోగ్యం కోసం కొమురవెల్లి మల్లన్నకు మొక్కుకుంది. ఏ ఆరోగ్యం కోసమని నేను అడగలేదు.

శ్రావణంలో ముహూర్తం పెట్టించాం. కృతిక పోషణ, ఆరోగ్య కేంద్రం అని బోర్డు కట్టారు. కింద నిలబడి నా పేరు రెండుసార్లు చదువుకున్నాను. లోపల బరువు తూచే మిషను, ఒక బల్ల, నాలుగు కుర్చీలు, గోడ మీద "చక్కెరకు దండం పెట్టి దూరం జరగండి" అని పెద్ద అక్షరాలు. ఆ మాట మిఠాయి దుకాణం గోడకు అవతలి వైపున రాయించడం నాకు గొప్ప సాహసంగా అనిపించింది.

మిగిలిన గోడకు మా ఆయన ఫోటోలు రెండు. లావుగా ఉన్నది ఒకటి, సన్నబడ్డది ఒకటి, పక్కపక్కన. ఫ్లెక్సీలూ ఫ్రేములూ చేసే ఫక్రుద్దీన్ భాయికి ఆ పని అప్పగించాను. డిజైను కూడా నేనే ఇచ్చాను. ఒక్కో ఫోటో కింద రమాకాంత్ అనే పేరు, ఆ కింద ఆహార నియమం మొదలుపెట్టిన తేదీ, మధ్యలో చిన్న గీత, ముగించిన తేదీ. అంతా పద్ధతిగా ఉండాలని నా పట్టు.

ముహూర్తం రోజు పొద్దున ఫక్రుద్దీన్ భాయి ఒక్క ఫ్రేమే తెచ్చాడు. లావుది. "మేడం, సన్నది ఇంక ఆరలే. జర ఓపిక పట్టున్రి, మీ ముహూర్తం అయ్యేటాల్లకు తెస్త," అని చెప్పి అది తగిలించి పోయాడు. సరే అనుకున్నాను. రాగిజావ పెద్ద గిన్నె నిండా కాస్తున్నాను, అది అడుగంటకుండా చూసుకోవడమే నాకు అప్పుడు ముఖ్యం.

పూల దుకాణం మల్లేశ్ వచ్చి దండలు కట్టాడు. షట్టరుకు కట్టాడు, బల్లకు కట్టాడు, బరువు తూచే మిషనుకు కట్టాడు, దేవుళ్ల పటాలకు వేశాడు. ఒక నిండు బంతిపూల దండ మిగిలింది. దాన్ని మా ఆయన ఫోటోకు వేసి, నుదుట ఇంత బొట్టు కూడా పెట్టాడు. తర్వాత అడిగితే ఏమన్నాడంటే, "నాకేమెరుక మేడం? ఫోటో ఉన్నకాడ దండ ఏస్తం. మా పని గదే గదా."

మల్లేశ్‌ను అని లాభం లేదు. ఉన్నది ఒకటే బల్ల, ఆ ఫోటో కిందే ఉంది. అగరుబత్తీలు దాని మీద గుచ్చింది నేనే. దీపం వెలిగించి పెట్టింది నేనే. పెట్టి, ఒకడుగు వెనక్కి వేసి, బాగుందనుకున్నాను కూడా.

గ్లాసులు తక్కువ పడ్డాయని మా ఆయన్ను బజారుకు పంపాను. ఆయన ఫోను ఇంట్లో చార్జింగులో ఉంది. అత్తమ్మ వాకిట్లో గుమ్మడికాయ కొట్టించే పనిలో ఉంది. మామగారు తన దుకాణంలో జిలేబీ మూకుడు ముందు నిలబడ్డారు, అటే చూడలేదు. ఈలోగా మా ఆయన చిన్నాన్న కొడుకు వివేక్ వచ్చి, షట్టరు బయట నుంచే సెల్‌ఫోనులో ఒక ఫోటో తీసి, చుట్టాల వాట్సాప్ గ్రూపులో పెట్టి పోయాడు. కింద ఒక్క మాట రాయలేదు. మాట రాయడం వివేక్‌కు బద్ధకం.

అదే గ్రూపులో అంతకుముందు వారం నేను ప్రారంభోత్సవం ఆహ్వానం పెట్టాను. రంగురంగుల అక్షరాలు, అడ్రసు, అన్నీ. దానికి ఒక్క బొటనవేలు వచ్చింది, అది కూడా మా ఆయనదే. ఇప్పుడు మాత్రం ఓం శాంతిలు వరస కట్టాయి. దుబాయి నుంచి ఒకటి, ముంబయి నుంచి ఒకటి, ఎదురింటి నుంచి రెండు. నాలుగైదు నెలలుగా మనిషి చిక్కిపోవడం అందరూ చూస్తూనే ఉన్నారు. దండ, బొట్టు, దీపం, పేరు, రెండు తేదీలు. ఆ తేదీల్లో అంకెలు ఎవరూ చదవలేదు. ఇంకేం కావాలి?

ఇదేమీ నాకు తెలియదు. నాకు కనిపించింది ఒకటే, జనం వస్తున్నారు. ఒకరి వెనుక ఒకరు వచ్చి, చెప్పులు బయట విడిచి, చేతులు కట్టుకుని నిలబడుతున్నారు. నా వ్యాపారానికి ఇంత మర్యాదా అని మురిసిపోయాను. గ్లాసుల్లో రాగిజావ పోసి ఇస్తుంటే, "ఇప్పుడొద్దమ్మా, మాకు గొంతుల దిగదు," అని తల తిప్పుకుంటున్నారు. ఒక పెద్దావిడ నా చెయ్యి పట్టుకుని, "ధైర్యంగ ఉండాలె బిడ్డా. ఒక్కదానివి ఎట్ల ఎల్లదీస్తవో ఏమో," అంది. మొదట్లో కష్టంగానే ఉంటుంది, తర్వాత అలవాటవుతుందని చెప్పాను. ఆవిడ రెండడుగులు వెనక్కి వేసింది.

అప్పుడు మా దుకాణంలో పాత గిరాకీ ఒకాయన దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి అడిగాడు. "ఎప్పుడు తీస్కపోతున్రమ్మా?"

"ఎవరిని?"

"రమాకాంత్‌ను."

"ఆయన గ్లాసులు తేనీకి బజారుకు పోయిండు," అన్నాను.

ఆయన నా ముఖం కేసి చూసి, ఫోటో కేసి చూసి, పక్కవాడి భుజం పట్టుకున్నాడు. నేను కూడా వెనక్కి తిరిగి ఫోటో చూశాను. దండ, బొట్టు, దీపం, తేదీలు. నా చేతిలోని జావ గరిటె బల్ల మీద పెట్టేశాను.

నోరు తెరిచి నిజం చెప్పేలోపు వాకిట్లో ఆటో ఆగింది. అందులోంచి మా మామగారి అక్క సిద్ధమ్మ దిగింది. కొండపాక నుంచి వచ్చింది. వాట్సాప్ ఆమెకు లేదు, ఉన్న పక్కింటి చుట్టాలు చెప్పారట. ఆమె పెంచిన మేనల్లుడు మా ఆయన. చిన్నప్పుడు సెలవులన్నీ ఆమె దగ్గరే. కొంగు జారిపోతున్నా పట్టించుకోకుండా లోపలికి వచ్చి, ఫోటో ముందు కూలబడి గుండెలు బాదుకుంది.

"ఓ నా అల్లుడో! నా కండ్లముందల ఆడినోడా! నన్ను ఎవ్వలు మోస్తరు కొడుకా, నా కంటె ముందుగాల పోతివా!"

అత్తమ్మ గుమ్మడికాయ ముక్క చేతిలో పట్టుకుని పరుగున వచ్చింది. "ఏమైంది వదినె? ఎవలు పోయిన్రు?"

"నీ కొడుకు పోతే ఎవలు పోయిన్రంటవేందే!" అని సిద్ధమ్మ అత్తమ్మ మెడ పట్టుకుని ఏడ్చింది. అత్తమ్మ ఫోటో చూసింది, నన్ను చూసింది. ఆ చూపు నేను చచ్చేదాకా మరచిపోను.

సరిగ్గా అప్పుడే మా ఆయన స్కూటరు దిగి, గ్లాసుల డబ్బా చంకలో పెట్టుకుని లోపలికి వచ్చాడు. "ఏందే కృతికా, గింత మంది ఒక్కసారే వచ్చిన్రు? మస్తు గిరాకి గదా!" అన్నాడు. గుంపు రెండుగా చీలింది. సిద్ధమ్మ తల తిప్పి చూసింది. చెయ్యి చాచి ఆయన బుగ్గ తడిమింది. ఏదో అనబోయింది, మాట ముద్దగా వచ్చింది. అలాగే పక్కకు ఒరిగిపోయింది.

"సంతోషం తట్టుకోలే," అన్నారొకరు. "గాలి సోకింది, నీళ్లు చల్లున్రి," అన్నారొకరు. ఒకడు వాసన చూపించడానికి ఉల్లిపాయ కోసం వెతుకుతున్నాడు. నేను కింద కూర్చుని ఆమె తల ఒళ్లో పెట్టుకున్నాను. ముఖం నిండా చల్లటి చెమట. చేతులు వణుకుతున్నాయి. కళ్లు తెరిచే ఉన్నా చూపు నిలవడం లేదు.

"పెద్దమ్మా, పొద్దుగాల ఏం తిన్నవ్?"

"ఏం... తినలే బిడ్డా. గోళీ ఏస్కున్న... గింతల కబురచ్చింది..."

"షుగర్ గోళీయేనా?"

అంతమంది ముందు ఒప్పుకోవడానికి ఆ స్థితిలో కూడా ఆమెకు సిగ్గేసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తలూపింది.

నేను గొంతు చించుకుని అరిచాను. "మామయ్యా! జిలేబీ పాకం! తొందరగ పాకం తెండి!"

అందరి తలలూ గోడ వైపు తిరిగాయి. నా వెనుక గోడ మీద చక్కెరకు దండం పెట్టి దూరం జరగమని నిలువెత్తు అక్షరాలు. వాటి కింద, షుగరున్న మనిషిని ఒళ్లో పెట్టుకుని, నేను చక్కెర పాకం కోసం అరుస్తున్నాను. నా వ్యాపారానికి ఇంతకంటే మంచి ముహూర్తం ఏ జ్యోతిష్కుడూ పెట్టలేడు. మామగారు పరుగెత్తడం నేను ఎన్నడూ చూడలేదు, ఆ రోజు చూశాను. చల్లార్చిన పాకం గిన్నె ఒక చేత్తో, చెంచా ఒక చేత్తో పట్టుకుని వచ్చి అక్క పక్కన కూలబడ్డారు. ఆమెకు మింగే తెలివి ఉందో లేదో చూసుకుని, చెంచా చెంచాగా తాగించాను. కాసేపటికి వణుకు తగ్గింది. ఇంకాసేపటికి చూపు నిలిచింది. లేచి కూర్చుని, మొట్టమొదట మా ఆయన చెంప మీద ఒకటి ఇచ్చింది.

"బతికుండి గా దండేందిరా నీకు!"

అందరూ నవ్వారు. అత్తమ్మ మాత్రం ఏడుస్తూనే, దండ తెంపి అవతల పారేసి, తన కొడుకు ఆయుష్షు సంగతి తనే తేల్చేసింది. "కాకి తంతె ఉత్త చావు కబురు మనమే పంపుతం గదా, కీడు పోవాలని. గిదీ గంతే. నా కొడుకు గండం పోయింది." ఆ మాటతో ఊరు కూడా ఊపిరి పీల్చుకుంది. ఇంతసేపూ ముట్టని రాగిజావ అందరూ రెండేసి గ్లాసులు తాగారు, ఉత్తదే కదా.

మామగారు మాత్రం నవ్వలేదు. ఖాళీ గిన్నె పట్టుకుని అక్కడే నిలబడి, "చెమటలెందుకు పట్టినయి బిడ్డా?" అని అడిగారు.

"గోళీ షుగర్‌ను కిందికి గుంజుతది మామయ్యా. ఏం తినకుంటె మరీ పడిపోతది. గట్లనే చెమటలు, వణుకుడు వస్తయి."

"మద్యానం పూట గూడ అయితదా?"

"తినక జాగైతే ఎప్పుడన్న అయితది," అని చెప్పి, నేను సిద్ధమ్మను దవాఖానకు పంపే ఏర్పాటులో పడ్డాను. అంత తెలివైనదాన్ని.

సాయంత్రానికి ఊరు తన తీర్పు చెప్పేసింది. విశ్వేశ్వర్ కోడలు జిలేబీ పాకంతో షుగరు కుదిర్చింది. మర్నాటి నుంచి మామగారి జిలేబీకి వచ్చిన గిరాకీ దీపావళికి కూడా ఎన్నడూ రాలేదు. నా షట్టరుకూ జనం వచ్చారు. కొందరు చచ్చి బతికిన మనిషిని చూడటానికి వచ్చారు, మా ఆయన్ను వేలితో పొడిచి చూసి పోయారు. కొందరు సందేహం తీర్చుకోవడానికి వచ్చారు.

"రోజుకెన్ని జిలేబీలు తినాలె డాక్టరమ్మా? పరిగడుపునా, తిన్నంకనా?"

"నేను డాక్టరును కాను, అది అందరికీ కాదు, షుగర్ పడిపోయినప్పుడు మాత్రమే," అని గొంతు పోయేలా చెప్పేదాన్ని. శ్రద్ధగా విని, "గట్లనా, అయితె పావుకిలో సాలు," అని పక్క దుకాణంలోకి పోయేవాళ్లు. ఒక తల్లి తన కూతురిని తెచ్చి, పెళ్లిచూపుల నాటికి ఒళ్లు చేయించమంది. ఆహారం గురించి చెప్పడం మొదలుపెడితే, "మాటలెందుకు, డబ్బ ఉంటె ఇయ్యి," అంది. డబ్బా లేదంటే, మరి ఇంత పెద్ద బోర్డు ఎందుకు పెట్టావని కోప్పడింది. వివేక్ ఏదో పొడి డబ్బాల వ్యాపారంలో చేరమని వెంటపడ్డాడు. చేతిలో డబ్బా పెడితే మనుషులు ఎంతైనా ఇస్తారనీ, మాట పెడితే నీళ్లు కూడా ఇవ్వరనీ వాడు చెప్పినది నిజమే. చెప్పిన నోరే నచ్చలేదు.

ఒక్క సిద్ధమ్మే మనస్ఫూర్తిగా వచ్చేది. చెప్పినట్టు తినేది, వేళకు తినేది, ఎలా ఉందో వచ్చి చెప్పేది. పైసలు ఇవ్వబోతే నేను తీసుకోలేదు. తీసుకున్నా ఆమె చుట్టం. లెక్కకు రాదు.

బతుకమ్మ మొదలైంది. మామగారు రెండు కొత్త పొయ్యిలు తెప్పించి నా షట్టరు పక్కనే పెట్టించారు. ఫక్రుద్దీన్ భాయి తెచ్చిన సన్న ఫోటో గోడ మీద ఒంటరిగా వేలాడుతోంది, లావుదాన్ని అత్తమ్మ అటక మీద దాచేసింది. నాకు రాత్రిళ్లు ఏడుపు వచ్చేది. ఊరి మీద కాదు, ఊరిని నమ్మిన నా మీదే.

సద్దుల బతుకమ్మ నాటి పొద్దున, ఇంకా దుకాణాలు తెరవకముందే, మామగారు నా షట్టరులోకి వచ్చారు. ఓడిపోయిన సంగతి నోటితో చెప్పించుకోవడం ఇష్టం లేక, నేనే కుర్చీ ఎక్కి ఫోటో తీయబోయాను. వెనుక షట్టరు సగం దాకా దిగిన చప్పుడైంది. తిరిగి చూస్తే ఆయన దాన్ని కిందికి లాగి వచ్చి, గిరాకీలు కూర్చునే కుర్చీలో కూర్చున్నారు. జేబులోంచి జీడిపప్పు పొట్లం తీసి బల్ల మీద పెట్టారు. విప్పితే లోపల గోళీల అట్టలు.

"అక్కకు అయినట్టే నాకు గూడ అయితుంది బిడ్డా. మద్యానం పూట. చెమటలు పట్టి కాళ్లుచేతులు వణుకుతయి. ఒక లడ్డు నోట్లె ఏస్కుంటె తక్కువైతది. గదే పాణం పోయే ముచ్చటని నాకెరుక లేదు."

నేను కుర్చీ దిగాను. ఆ గోళీలు ఎవరిచ్చారని అడిగితే కరీంనగర్ డాక్టరట. "గీడ చూపిచ్చుకుంటె ఊరంత ఎరుకైతది. మిఠాయి దుకాణపోనికి షుగరంటె మంది లడ్డు కొంటరా?"

"ఎన్నేండ్లయింది మామయ్యా?"

"నువ్వు కాపురానికొచ్చిన యేడే బయటపడ్డది."

నాకు కోపం ఆగలేదు. "నేను మీ పక్కల్నే కూసున్న గదా! గిన్నేండ్లు! గీ సదువే సదివిన అని మీకెరుకే గదా! ఒక్క మాట చెప్పరాదా?" అని అరిచాను. ఆయన బయటికి వినిపిస్తుందేమోనని షట్టరు వైపు చూశారు. ఆయన మీద అరుస్తూనే, ఆ రెండు లడ్డూలూ ఆ చెమటా నా కళ్ల ముందు ఆడాయి. పెరటి చెట్టు మందుకు పనికిరాదని ఇన్నాళ్లూ ఊరిని ఆడిపోసుకున్నాను. పెరటి చెట్టు కూడా ఏనాడూ పెరట్లోకి తొంగిచూడలేదు.

కళ్లు తుడుచుకుని ఆయన ఎదురుగా కూర్చున్నాను. ముందు డాక్టరు దగ్గరికి పోయి గోళీల మోతాదు చూపించుకోవాలన్నాను. వేళ తప్పకుండా తినాలన్నాను. ఏం తినాలో, ఎప్పుడు తినాలో నెమ్మదిగా చెప్పాను. ఆయన కౌంటర్లో ఎవరి మాటా అంత శ్రద్ధగా విని ఎరగరు. చివర్లో లేచి, ఫీజు తీసి బల్ల మీద పెట్టారు.

"చుట్టాలు లెక్కకు రారని మీరే అంటిరి గదా," అన్నాను.

"గీ షట్టర్ల నేను చుట్టాన్ని గాదు, గిరాకిని," అన్నారు. గుమ్మం దాకా పోయి ఆగారు. "ఫోటో మాత్రం పెట్టకు బిడ్డా."

షట్టరు పైకెత్తి బయట అడుగుపెట్టగానే ఆయన గొంతు మారిపోయింది. వీధంతా వినపడేలా, "గిరాకి లేదు, ఏం లేదు! సరే తియ్యి, ఆడివిల్ల ఏడుస్తుందని వచ్చే దసరా దాక ఇస్తున్న! పొయ్యిలు డాబా మీదికి ఎక్కించున్రి!" అని అరిచారు. నేను లోపల తలదించుకుని నిలబడ్డాను, ఓడిపోయిన కోడలిలాగే.

మధ్యాహ్నం గిరాకీ పలచబడ్డ వేళ, రెండు జొన్నరొట్టెలూ తోటకూర పప్పూ టిఫిను డబ్బాలో పెట్టుకుని మిఠాయి దుకాణంలోకి పోయాను. గల్లా ముందు నలుగురు నిలబడి ఉన్నారు. మామగారి నుదుటి మీద అప్పుడప్పుడే చెమట పడుతోంది, చెయ్యి లడ్డూల పళ్లెం మీదికి పోబోతోంది. డబ్బా మూత తీసి ఆయన ముందు పెట్టాను.

"ఏందమ్మా, గిరాకి లేక గీడికొచ్చినవా?" అన్నారు గట్టిగా. నలుగురూ నవ్వారు.

"అవును మామయ్యా. ఎవ్వలు రాలే," అన్నాను.

నా మొదటి గిరాకీ తల ఎత్తకుండా రొట్టె తుంచుకుని తినడం మొదలుపెట్టారు.